ఏడు పూతల సున్నం, ఆరు గొర్రెలు, ఒక ‘ఇగేం’

రియాద్ నగరంలో పట్టపగలు ఒక ఇంటి కప్పును గొర్రెలు తినేశాయంటే మీరు నమ్మరు. ఆ ఇంటిని కట్టింది నేను, ఆ గొర్రెలను పిలిపించింది నేను కాబట్టి నాకు నమ్మక తప్పదు. ఇందులో ఇసుక తుఫాను లేదు, భూకంపం లేదు, ఎవరి కుట్రా లేదు. ఉన్నదల్లా ఒక్క చిన్న మాట. ఆ మాట నాకు వచ్చు అనుకున్నాను, అంతే.

నాలుగేళ్ల కిందటి సంగతి. ప్రదర్శనలకు స్టాళ్లు కట్టే ఒక కంపెనీలో నేను పెయింటర్ని. మా వర్క్‌షాపు రియాద్ శివార్లలో, సులైలో. అక్కడ మనిషి విలువ తలలో ఉండదు, తల మీద ఉంటుంది. పనివాళ్లకు పసుపు హెల్మెట్, సైట్ ఇన్‌చార్జికి తెల్ల హెల్మెట్. అప్పటికి ఆరేళ్లుగా నా నెత్తి మీద పసుపు రంగే ఉంది. ఈసారి తెల్లది వచ్చి తీరుతుందని జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉన్న నా భార్య లావణ్యకు ఫోన్లో ముందే చెప్పేశాను. ఆమె వాడకట్టు మొత్తానికి చెప్పేసింది. కిరాణా కొట్టాయన నన్ను ‘ఇన్‌చార్జి సాబ్’ అని పిలవడం కూడా మొదలుపెట్టాడు. అంటే అప్పటికే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయిందన్నమాట.

ఇక నా అసలు జబ్బు గురించి చెప్పాలి. నాకు భాషలన్నీ వచ్చనే గర్వం ఉండేది. పాకిస్తానీలతో ఉర్దూ, బంగ్లాదేశీలతో అదే ఉర్దూ కాస్త ముక్కుతో, మలయాళీలతో చిరునవ్వు. అరబ్బీలో ‘యల్లా’, ‘ఖలాస్’, ‘బుక్రా’ అనే మూడు ముక్కలు వచ్చు. పద, అయిపోయింది, రేపు. ఈ మూడింటితో ఆరేళ్లు బతికాను, నాలుగో మాట అవసరం పడలేదు. అందుకే మా మేనేజరు కురియన్ సార్ పిలిచినప్పుడు ఛాతీ విరుచుకొని వెళ్లాను. ఆయన మలయాళపు హిందీలో మాట్లాడతాడు, నేను జగిత్యాల హిందీలో జవాబిస్తాను. మీ సౌకర్యం కోసం ఇద్దరినీ తెలుగులోకి దించుతున్నాను.

“రాజం, దేశదేశాల పల్లె సంస్కృతి అని ప్రదర్శన పెడుతున్నారు. హంగేరీ స్టాలు నీకిస్తున్నాను. వాళ్ల పల్లెటూరి ఇల్లు ఒకటి కట్టాలి. అది చూసి జనానికి ఆ ఊళ్లకు టూరు వెళ్లాలనిపించాలి.”

“పల్లెటూరి ఇల్లా సార్? నేను పుట్టిందే దాంట్ల.”

“నువ్వు పుట్టింది మీ పల్లెలో. ఇది వాళ్ల పల్లె.”

“పల్లె ఏడున్నా పల్లెనే గద సార్.”

కురియన్ సార్ నా వంక అనుమానంగా చూశాడు. ఆ చూపును అప్పుడే అర్థం చేసుకొని ఉంటే ఈ కథ మీకు దక్కేది కాదు.

“గోడల మీద పూలు వేసే పెద్దావిడ ఒకరు వస్తున్నారు. పేరు మరిష్కా. ఆమెకు వాళ్ల భాష తప్ప ఏదీ రాదు. అనువాదం చేసే డాక్టరమ్మకు ఆస్పత్రిలో డ్యూటీ, ప్రారంభం రోజుకు గానీ రాలేదు. రెండు రోజులు నువ్వే నెట్టుకురావాలి.”

“భాష సంగతి నాకిడిసిపెట్టున్రి సార్.”

“ఆమె ఏదడిగితే అది చెయ్యి. ఆమె సంతోషంగా ఉంటే, స్టాలు తనిఖీలో పాసైతే, తెల్ల హెల్మెట్ నీది.”

ఆమె ఏదడిగితే అది. ఈ వాక్యాన్ని నేను గుండెల మీద రాసుకున్నాను.

మరిష్కమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. తలకు రుమాలు, నడుముకు పూలు కుట్టిన ఏప్రాను, చెంపలు పండిన టమాటాల్లా ఉన్నాయి. చేతిలో వాళ్ల ఊళ్ల గురించి అచ్చేసిన రంగుల పుస్తకం. కలోచా అనే ఊరి చుట్టుపక్కల పల్లెలట. తెల్లటి సున్నం గోడలు, వాటి మీద చేత్తో వేసిన ఎర్రపూలు, నీలిపూలు, గడ్డి కప్పు, చూరు కింద ఎర్రగా ఎండుతున్న మిరపకాయల దండలు, మెలితిరిగిన కొమ్ముల గొర్రెలు, పక్కన పొడుగాటి కంబళి కప్పుకొన్న కాపరి. నాకు కడుపు నిండిపోయింది. మిరపకాయలు, సున్నం, గొర్రెలు! ఇది మా ఊరే, కాకపోతే చలి ఎక్కువ అనుకున్నాను.

ఆమెతో రావలసిన నిజమైన కాపరి కాలు విరగ్గొట్టుకొని ఇంటి దగ్గరే ఉండిపోయాడట. అతని బట్టలు మాత్రం పెట్టెలో వచ్చాయి. పెట్టె తెరిచి ఆ కంబళి చూశాను. దాని అంచుల నిండా పూల కుట్టు. మడతపెట్టి మళ్లీ లోపల పెట్టేశాను. దానితో నాకేం పని అనుకున్నాను.

ప్లైవుడ్ మీద మట్టి మెత్తి గోడ లేపాం. కప్పు కోసం గోధుమ గడ్డి కట్టలు పరిచాం. తర్వాత ఆమె చూపించిన పద్ధతి ప్రకారం గోడకు ఒక పూత సున్నం వేశాను. అందంగా వచ్చింది. మరిష్కమ్మ కుంచెలు, రంగు గిన్నెలు తెచ్చుకొని నిలబడింది. ప్రారంభానికి ముందు సగం పూలు వేసి, మిగతా సగం జనం చూస్తుండగా వెయ్యాలని ఆమె ఏర్పాటు. నేను బొటనవేలు పైకెత్తి అడిగాను.

“అమ్మా, గోడ మంచిగున్నదా? గుడ్?”

ఆమె గోడ నిమిరింది. ముఖమంతా నవ్వు చేసుకొని అన్నది:

“ఇగేం!”

నాకు ఒళ్లు జలదరించింది. హంగేరీ నుంచి వచ్చిన ముసలమ్మ నోట జగిత్యాల మాట!

మా దిక్కు కాని పాఠకుల కోసం ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మీరు ‘ఇంకేం’ అనే మాటను మేము ‘ఇగేం’ అంటాం. గొంతు పైకి లేపి అంటే ‘ఇంకేం ఉంది, కానివ్వు’ అని. గొంతు కిందికి జార్చి అంటే ‘ఇంకేం మిగిలింది, మునిగిపోయాం’ అని. ఈ ఒక్క మాటతో మా ఊళ్లో పెళ్లిళ్లు కుదిరాయి, పంచాయితీలు తెగాయి.

మరిష్కమ్మ గొంతు పైకే లేచింది. అంటే ఇంకో పూత కావాలి. ఆమె ఏదడిగితే అది.

“నేనే ఏస్త అమ్మా, నేనే!” అని ఛాతీ మీద చెయ్యి వేసుకొని చెప్పాను. ఆమెకు ఆ మాట ఎందుకో చాలా నచ్చింది. నా బుగ్గ మీద తట్టి, “యాయ్, తె!” అన్నది.

తె! తెమ్మంటోంది! ఇంత శుద్ధమైన తెలుగు నేను సులైలో కూడా వినలేదు. పరుగెత్తుకెళ్లి ఇంకో బస్తా సున్నం తెచ్చాను.

రెండో పూత ఆరింది. ఆమె కుంచె పట్టుకొని వచ్చింది. నేను అడిగాను. ఆమె “ఇగేం” అన్నది. నేను బకెట్ పట్టుకొని వెళ్లాను. మూడో పూత ఆరింది. ఆమె మళ్లీ కుంచెతో, నేను మళ్లీ బకెట్‌తో. నాలుగో పూతకు ఆమె ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. గోడ మీద గట్టిగా చరిచి, “యో, యో! ఇగేం, ఇగేం!” అన్నది.

‘యో’ అని నన్ను పిలిచేది లావణ్య ఒక్కతే, అదీ కోపం తలకెక్కినప్పుడు. ముసలమ్మకు నా పని నచ్చడం లేదని భయపడిపోయాను. ఆ రాత్రి నిద్రలో కూడా సున్నం కలిపాను. మర్నాడు అయిదు, ఆరు, ఏడు పూతలు పడ్డాయి. ప్లైవుడ్ మీద ఏడు పూతల సున్నం నిలవదని పదేళ్ల అనుభవమున్న పెయింటర్‌గా నాకు తెలుసు. కానీ తెల్ల హెల్మెట్ కోరికున్న పెయింటర్‌గా తెలియదు.

మా బంగ్లాదేశీ మేస్త్రీ షఫీక్ వచ్చి గోడను వేలితో నొక్కి చూశాడు.

“ఉస్తాద్, యే దీవార్ హై యా కేక్ హై?” ఇది గోడా, కేకా అని.

“నీకెందుకయ్యా? ఆమె అడుగుతోంది, నేను వేస్తున్నాను.”

“ఆమె అడుగుతోందా? ఏం భాషలో?”

“మా భాషలో!” అన్నాను గర్వంగా. షఫీక్ నా కళ్లలోకి చూసి, నీళ్ల సీసా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎండదెబ్బ అనుకున్నాడట.

మిరపకాయల సంగతీ ఇంతే. ఆమె వాళ్ల ఊరి నుంచి పన్నెండు దండలు తెచ్చింది. చూరుకు కట్టి, “సాలా అమ్మా ఇవి?” అని అడిగాను. “ఇగేం!” అన్నది. బథా బజారుకు పోయి రెండు బస్తాల ఎండుమిర్చి తెచ్చాను. మనుషులను కూర్చోబెట్టి దండలు గుచ్చించాను. వాళ్లు తుమ్మిన తుమ్ములకు పక్కనున్న స్టాలువాళ్లు మాస్కులు పెట్టుకున్నారు. దండలతో చూరు కనబడకుండా పోయింది. మిగిలిన మిర్చిని బస్తాల్లోనే గోడ పక్కన మెట్లలాగా పేర్చాను. వాటి పక్కన మిగిలిన గడ్డి మోపులు. మరిష్కమ్మ వాటిని చూసి రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. సంతోషం ఎక్కువైందని నేను అనుకున్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఒట్టి మూర్ఖుణ్ణి అనిపించుకొని బయటపడేవాణ్ణి. కానీ ఆ సాయంత్రం ఆమె రంగుల పుస్తకం తెరిచి, ఏదో ముచ్చటగా చెబుతూ గొర్రెల బొమ్మ చూపించింది. నేను బొమ్మ మీద వేలు పెట్టి, ఆ వేలుతోనే స్టాలు ముందున్న నేలను చూపించి అడిగాను.

“గివి గూడ ఉండాల్నా అమ్మా? మీ ఊర్లె ఉన్నట్టు?”

ఆమె తల గట్టిగా ఊపింది. “ఇగేం, ఇగేం!”

బురైదాలో ఖర్జూర తోటల పక్కన గొర్రెలు కాసే సాయన్న మా పక్క ఊరివాడే. నాకంటే పెద్దవాడు. ఫోన్ చేశాను.

“సాయన్నా, నీ గొర్లు ఆరు కావాలె. ఒక్క పూట సాలు.”

“ఏంది తమ్మీ, దావతా?”

“దావత్ గాదే, హెరిటేజ్.”

“గదేం కూరనో నాకెర్కలే గని, రేపు మా కఫీల్ సేటు గొర్లను రియాద్ సంతకు పంపుతుండు. పొద్దుగాలనే దింపి, గీ ఆరింటిని నీ దిక్కు తోల్కొస్త. సాయంత్రానికి మల్ల సంతకు పోవాలె. ఒక్కదానికి ఏమన్నయినా మా కఫీల్ నన్ను కోస్తడు.”

“ఏం గాదు. నేనున్న గద.”

నేనున్న గద అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అన్న నోటికి ఏడు పూతల సున్నం వెయ్యాలనిపిస్తుంది.

ప్రారంభం రోజు. సాయంత్రం నాలుగింటికి జనాన్ని వదులుతారు. రెండింటికి తనిఖీ. ఒంటి గంటకు సాయన్న పికప్‌లో ఆరు గొర్రెలతో వచ్చాడు. గేటు దగ్గర పాకిస్తానీ కాపలాదారు అడ్డం నిలబడ్డాడు.

“భాయ్, యే క్యా?”

“హెరిటేజ్ హై,” అన్నాను నేను.

అతను గొర్రెలను చూశాడు, నా పాస్ చూశాడు, ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు చూశాడు, మళ్లీ గొర్రెలను చూశాడు. పైఅధికారి ఎవరో పెద్ద ఆలోచన చేసి ఉంటాడనుకొని గేటు తీశాడు. ఈ దేశంలో ఆ మాటకు అంత బలం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

గొర్రెలు స్టాలు ముందుకు రాగానే లోపలి నుంచి మరిష్కమ్మ బయటికి వచ్చింది. ఏడో పూత ఇప్పుడే ఆరిందని, ఇక తన పూలు మొదలుపెట్టొచ్చని పాపం కుంచె ముంచుకొని వచ్చింది. గొర్రెలను చూసి కుంచె జారవిడిచింది.

“నెమ్! నెమ్! నెమ్!” అని రెండు చేతులూ ఊపింది.

ఇంగ్లీషు! రెండు రోజుల తర్వాత పేరు అడుగుతోంది పాపం, ఇంత పని చేసినవాడి పేరు తెలుసుకోవాలనిపించింది అనుకున్నాను.

“లక్ష్మీరాజం, అమ్మా! మై నేమ్, లక్ష్మీరాజం!”

“నెమ్! నెమ్!” ఆమె సాయన్న వైపు తిరిగి అరిచింది.

“నా పేరు సాయన్న అమ్మా,” అని అతను వినయంగా చేతులు జోడించాడు.

ఆమె గొర్రెల వైపు చెయ్యి చూపించి ఇంకా గట్టిగా, “నెమ్!” అన్నది.

సాయన్న నా చెవి దగ్గరికి వచ్చాడు. “తమ్మీ, గొర్ల పేర్లు గూడ అడుగుతున్నది. వీటికి నేనింకా పెట్టలే. ఏం జెప్పాలె?”

మేము పేర్ల గురించి ఆలోచిస్తుండగానే గొర్రెలు తమ పని చూసుకున్నాయి. నేను మెట్లలా పేర్చిన మిర్చి బస్తాలు, వాటి పక్కన గడ్డి మోపులు, పైన చేతికందే ఎత్తులో గోధుమ గడ్డి కప్పు. ఆ ఏర్పాటు గొర్రెల కోసమే చేసినట్టుంది. మొదటిది బస్తా ఎక్కింది, మిగతా అయిదు దాని వెనక ఎక్కాయి. కలోచా ఇంటి కప్పు కరకరమని వినిపించడం మొదలైంది.

“సాయన్నా, గుంజు!”

“నువ్వే గుంజు, నీ హెరిటేజ్ గద!”

నేను ఒకదాని వెనక కాలు పట్టుకొని లాగాను. అది గోడకు ఒరిగింది. ఏడు పూతల సున్నం ఒక్కసారి ఒళ్లు విదుల్చుకొని, పెద్ద అప్పడంలా ఊడి, దాని మీదా నా మీదా పడి ముక్కలైంది. చూరు దండలు తెగాయి. బస్తా పగిలింది. ఇరవై నాలుగు గొర్రె కాళ్లు, నాలుగు మనిషి కాళ్లు ఎండుమిర్చిని దంచడం మొదలుపెట్టాయి. ఆ కారం గాలిలోకి లేచిన సరిగ్గా ఆ క్షణంలో కురియన్ సార్, ఆయన వెంట తనిఖీ అధికారి వచ్చారు.

అధికారి వేసుకున్న పొడుగాటి తెల్ల అంగీ, తోబు మీద ఎర్రటి కారం పడింది. ఆయన తలగుడ్డ కొసతో ముక్కు మూసుకొని, మర్యాదగానే అడిగాడు:

“ఏష్ హాదా?”

ఇదేమిటి అని. కురియన్ సార్ జవాబు చెప్పాలని నోరు తెరిచాడు గానీ దగ్గు వచ్చింది. అధికారి నా వైపు చూశాడు. నాకు వచ్చిన మూడు అరబ్బీ ముక్కల్లో అక్కడికి పనికొచ్చేది ఒక్కటే.

“ఖలాస్,” అన్నాను.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. పేరు శ్రావణి, విజయవాడ వైపు ఆవిడ. హంగేరీలో వైద్యం చదువుకొని రియాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దుమ్ము కొంత సర్దుకున్నాక మరిష్కమ్మ ఆమె చెయ్యి పట్టుకొని గడగడా మాట్లాడింది. డాక్టరమ్మ వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏమండీ, మొదటి పూత అవ్వగానే గోడ బావుందని ఆవిడ చెప్పారటగా? మరి ఇంకో ఆరు ఎందుకు వేశారండీ?”

“ఆమెనే అడిగింది గద మేడం! ఇగేం, ఇగేం అని!”

“ఇగెన్ అంటే వాళ్ల భాషలో అవును అనండీ!”

నేను అక్కడే కూలబడ్డాను. సున్నం పెచ్చు ఒకటి కింద నలిగింది.

“అవునా? మరి మిరపకాయలు సాలా అంటే?”

“అవును, చాలు అన్నారు.”

“గొర్లు?”

“మా ఊళ్లో ఇవి ఉంటాయి, అవును అన్నారు. తెమ్మనలేదండీ.”

“తె అన్నది మేడం! నా చెవులార ఇన్న!”

“తె అంటే నువ్వు అని. ‘యాయ్, తె’ అంటే, మనం ముద్దుగా ‘అబ్బ, నువ్వూ!’ అంటామే, అలాగ.”

“యో అంటే?”

“బావుంది అని.”

“నెమ్?”

“వద్దు అని! వద్దు, వద్దు, వద్దు అని అరుస్తుంటే ఇద్దరూ పేర్లు చెప్పారటగా!”

అంటే ఆమె బావుందన్నప్పుడల్లా నేను చెడగొట్టాను, చాలన్నప్పుడల్లా తెచ్చాను, వద్దన్నప్పుడు పరిచయం చేసుకున్నాను. రెండు రోజుల్లో ఒక్కసారైనా పొరపాటున సరైన పని చేశానేమోనని వెతికాను. లేదు.

“మరి ఇన్ని చేస్తుంటే నన్నెందుకు కొట్టలేదు మేడం?” అని అడిగాను. నిజంగానే అడిగాను.

డాక్టరమ్మ ఆమెతో మాట్లాడి నవ్వింది. “పెద్దవాళ్లని అక్కడ నేని అంటారండీ, పిన్నిగారూ అన్నట్టు. మీరు రెండు రోజులూ గుండె మీద చెయ్యేసుకొని ‘నేనే, నేనే’ అంటున్నారట. ఇంత దూరంలో ఒక పిల్లాడు తన భాష నేర్చుకొని మరీ పిన్నీ పిన్నీ అని పిలుస్తుంటే ఏమీ అనబుద్ధి కాలేదట. ఏడు పూతలు వెయ్యడం ఈ దేశంలో అతిథి మర్యాదేమో అనుకున్నారట.”

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆమె పూలు వెయ్యడానికి అంత దూరం నుంచి వచ్చింది. నేను ఆమెకు ఒక్క పువ్వు వేసేంత ఆరిన గోడ ఇవ్వలేదు.

అధికారి తీర్పు చెప్పేశాడు. ఇవాళ ఈ స్టాలు మూసే ఉంటుంది. రేపు మధ్యాహ్నానికి గోడ, కప్పు, కాపరి, అన్నీ పుస్తకంలో ఉన్నట్టు ఉంటేనే తెరవనిస్తారు, లేకపోతే ఖాళీ చెయ్యాలి. కురియన్ సార్ నన్ను తిట్టలేదు. తన చేతిలో తెచ్చిన సంచీని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు. సంచీలోంచి తెల్ల హెల్మెట్ అంచు కనబడుతూనే ఉంది. తిట్టినా బాగుండేది.

సాయన్న గొర్రెలను ఒక్కొక్కదాన్నే తడిమి చూసుకొని, “బతికిన తమ్మీ, అన్నీ మంచిగనే ఉన్నయి. కడుపులే జర పెద్దగయినయి,” అన్నాడు.

నేను తల రెండు చేతుల్లో పట్టుకొని కూర్చున్నాను. హెల్మెట్ పోయింది, వాడకట్టులో పరువు పోయింది. నా వెనకాల మరిష్కమ్మ పెట్టె తెరిచి ఏదో బయటికి తీసి, నన్ను ఏదో ప్రశ్న అడుగుతోంది. నేను తల ఎత్తనైనా లేదు. ప్రాణం ఉసూరుమని, గొంతు పూర్తిగా కిందికి జార్చి, సాయన్నతో అన్నాను:

“ఇగేం...”

మరిష్కమ్మ చప్పట్లు కొట్టింది. నన్ను పట్టుకొని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. డాక్టరమ్మ కంగారుగా పరుగెత్తుకొచ్చింది.

“అయ్యయ్యో, ఒప్పేసుకున్నారా? ఏం అడిగారో నేను చెప్పనేలేదు కదండీ!”

“ఏం అడిగింది మేడం?”

“కాపరి రాలేదు కదా, పదిరోజులూ ఆ బట్టలు వేసుకొని స్టాలు ముందు మీరు నిలబడతారా అని అడిగారు. మీరు అవును అన్నారు.”

ఆ సాయంత్రమంతా నేనూ షఫీక్ కలిసి గోడను చెక్క దాకా గీకాం. కప్పుకు కొత్త గడ్డి పరిచి, గోడకు ఒక పూత, ఒకే ఒక్క పూత సున్నం వేశాం. మర్నాడు మరిష్కమ్మ పెన్సిలు గీత కూడా లేకుండా ఆ గోడ మీద ఎర్రపువ్వు ఒకటి వేసింది. ఆరేళ్లలో నేను వేసిన గోడలన్నీ ఆ ఒక్క పువ్వు ముందు దిగదుడుపే, నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. అధికారి వచ్చి చూశాడు. గోడ చూశాడు, కొత్త కప్పు చూశాడు, చివరికి కాపరిని చూశాడు. కాపరి నేనే. సంతకం పెట్టేశాడు.

నా వేషం గురించి చెప్పమంటారా? లంగా అంత వెడల్పున్న కుచ్చుల తెల్ల పైజామా. దాని మీద చలిదేశం కోసం నేసిన, అంచుల నిండా పూలు కుట్టిన కంబళి. చేతిలో కర్ర. తల మీద నల్లటి టోపీ, దానికో పొడుగాటి ఈక. సాయన్న ఆ కంబళిని పట్టి చూసి, “ఇది మన గొంగడే గదనే, పూలు కుట్టిన్రు అంతే,” అన్నాడు. తర్వాత నన్ను చుట్టూ తిరిగి చూసి ఇంకో మాట అన్నాడు: “తొమ్మిదేండ్ల సంది బురైదాల గొర్లు కాస్తున్న. ఒక్కడు నా ఫోటో తియ్యలే. నువ్వు గొర్రె లేకుంటనే కాపరివైతివి, లైను గట్టి ఫోటోలు దిగుతున్నరు.”

నిజంగానే లైను కట్టారు. డాక్టరమ్మ నాకు రెండే మాటలు వాడమని చెప్పింది. ఏం అడిగినా ‘యో’, కుదరకపోతే ‘నెమ్’. మూడోరోజు ఒక కుటుంబం వచ్చి నా ముందు నిలబడిపోయింది. ఆయన కళ్లు చికిలించి చూశాడు.

“అన్నా, నువ్వు మన జగిత్యాల లక్ష్మీరాజంవు గాదె?”

“నెమ్,” అన్నాను ధైర్యంగా.

“అచ్చం గట్లనే ఉన్నవే!” అని ఆయన ఫోటో తీసుకొని వెళ్లాడు. గంటలో ఆ ఫోటో మా వాడకట్టుకు చేరింది. ఆ వెంటనే లావణ్య ఫోన్.

“యో! తెల్ల హెల్మెట్ అంటివి. గీ ఈక టోపీ ఏంది?”

“అది గూడ పెద్ద పోస్టేనే.”

“పెద్ద పోస్టోల్లు లంగలు గడ్తరా?”

“లంగ గాదే, పైజామ.”

“కిరాణా కొట్టాయన నవ్వి నవ్వి కుర్సీల కెల్లి పడ్డడు. వాడకట్టుకు నేనేం జెప్పాలె?”

నోటి దాకా వచ్చింది ఆ మాట. పక్కనే మరిష్కమ్మ పువ్వు వేస్తూ నా వైపే చూస్తోంది. పెట్టెలో ఇంకా ఏవో బట్టలున్నాయి. నోరు గట్టిగా మూసుకొని ఫోన్ పెట్టేశాను.

తెల్ల హెల్మెట్ షఫీక్‌కు వెళ్లింది. అది పెట్టుకొని మొదటిరోజే నా దగ్గరికి వచ్చి, “ఉస్తాద్, ఒక ఫోటో,” అన్నాడు.

కాబట్టి మా ఊరి పోచమ్మ మీద, సులైలో నా పసుపు హెల్మెట్ మీద, ఆ ఆరు గొర్రెల నిండు కడుపుల మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. బొటనవేలు చూపించి ప్రశ్నలు అడగను. బకెట్ పట్టుకొని జవాబులు చెప్పను. జగిత్యాల జిల్లా దాటిన ఏ మనిషి ముందూ ‘ఇగేం’ అనను. ఇకమీదట ఈ దేశంలో నా మాతృభాషే ఎదురొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచినా సరే, ముందు దాని ఇఖామా చూపించమంటాను.